కుక్క దాణా సంచి మీద ‘ప్రీబయోటిక్’ అని ఒక్క మాట రాస్తే సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను నర్సంపేటలో ఇరవై రెండేళ్లుగా కిరాణా షాపు నడుపుతున్నాను. ఆరేళ్ల కిందటి దాకా మా షాపులో పప్పు, ఉప్పు, నూనె, సబ్బులే ఉండేవి. ఒకరోజు గిర్నీ దగ్గర ఉండే ఒకాయన వచ్చి, "అక్కా, కుక్కల పెడిగ్రీ తెప్పియ్యరాదూ, కిలో దాని కోసం వరంగల్ పోయి రావాల్సొస్తున్నది" అన్నాడు. అప్పటి నుంచి కుక్కల దాణా కూడా పెడుతున్నాను. ఏ కంపెనీదైనా మా దగ్గర అందరూ పెడిగ్రీ అనే అంటారు. పది కిలోల సంచి విప్పి, పావుకిలో, అరకిలో కవర్లు కట్టి అమ్ముతాను. మొదట్లో నెలకు ఒక సంచి పోయేది, ఇప్పుడు ఐదారు పోతున్నాయి.

ఆ సంచుల మీద ఈమధ్య ఒక మాట ఎక్కువగా కనిపిస్తున్నది: ప్రీబయోటిక్స్. పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన నవ్వుతున్న కుక్క బొమ్మతో. దాణాలోనే కాదు, విడిగా చిన్న డబ్బాల్లో పొడి కూడా వస్తున్నది. పేగులకు మంచిది, జీర్ణశక్తి పెంచుతుంది అని దాని మీద ఉంటుంది. సరుకు వేసే ఏజెంటు ఆ డబ్బాలు పన్నెండు ఇచ్చి పోయాడు. ఆ పన్నెండు డబ్బాల గురించే ఈ ఉత్తరం.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. పేరు కర్రెగాడు. నల్లగా ఉంటాడని మా పెద్దోడు పెట్టిన పేరు. ఎప్పుడూ తినే దాణా స్టాకు లేక, నిరుడు దీపావళి తర్వాత ఒకేరోజు వేరే కంపెనీ దాణాకు మార్చాను. రెండో రోజే పలచగా విరేచనాలు మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన డబ్బాల్లో ఒకటి విప్పి, రోజూ ఒక చెంచా పొడి అన్నంలో కలిపి పెట్టాను. నాలుగు రోజుల్లో తగ్గింది. నాకు ఎంత నమ్మకం కుదిరిందంటే, ఆ తర్వాత కుక్క గురించి ఎవరు ఏం అడిగినా ఆ డబ్బానే చేతిలో పెట్టాను. నెల రోజుల్లో ఎనిమిది డబ్బాలు అమ్మాను.

తొమ్మిదోది సంక్రాంతి అయిన వారానికి అమ్మాను. మా వీధి చివర ఆటో నడిపే తమ్ముడు పొద్దున్నే వచ్చి, "అక్కా, పిల్లకు మోషన్స్ అయితున్నయి, రాత్రి రెండుసార్లు కక్కింది" అన్నాడు. రెండున్నర నెలల కుక్కపిల్ల. టీకాలు వేయించావా అని నేను అడగలేదు. అడగాలని నాకు తెలియదు. "ఈ పొడి కలిపి పెట్టు, మా కర్రెగాడికి నాలుగు దినాల్లో తగ్గింది" అన్నాను. మూడు వందల యాభై రూపాయలు తీసుకున్నాను. ఆయన ఆ రోజు, మరునాడు ఆ పొడి పాలలో కలిపి తాగించాడు. మూడో రోజు విరేచనంలో రక్తం పడింది, ఇల్లంతా భరించలేని వాసన. హన్మకొండకు తీసుకుపోయారు. అక్కడి డాక్టర్ చూసి పార్వో అనే వైరస్ జబ్బు అన్నాడట. సెలైన్ ఎక్కించారు. ఆ రాత్రి దాటలేదు.

వారం తర్వాత ఆయన బిడ్డ, నాలుగో తరగతి చదువుతున్నది, సగం మిగిలిన డబ్బా తెచ్చి గల్లా పెట్టె పక్కన పెట్టింది. "అత్తమ్మా, ఇది ఇంకో కుక్కపిల్లకు పనికొస్తది" అన్నది. ఆ పిల్ల నన్ను నిందించడానికి రాలేదు. నిజంగానే పనికొస్తుందని తెచ్చింది. డబ్బులు తిరిగి ఇస్తే తీసుకోలేదు.

మా తమ్ముడి బిడ్డ మామునూరు వెటర్నరీ కాలేజీలో చదువుతున్నది. ఉగాదికి ఇంటికి వచ్చినప్పుడు ఆ డబ్బా ముందు పెట్టి, "ఇదేందో నాకు అర్థమయ్యేటట్టు చెప్పు" అని కూర్చున్నాను. ఆమె రెండు గంటలు చెప్పింది. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. దాన్ని మీ పాఠకులకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. నాలాగా తెలియక అమ్మేవాళ్లు, తెలియక కొనేవాళ్లు ఈ ఉమ్మడి జిల్లాలో చాలామంది ఉంటారు.

ప్రీబయోటిక్ మందు కాదు, అదొక రకం పీచు. కుక్క తిన్న దాంట్లో ఎక్కువ భాగం పొట్టలో, చిన్నపేగులో అరిగి ఒంటికి పడుతుంది. అరగని కొన్ని పీచులు పెద్దపేగు దాకా పోతాయి. అక్కడ కోట్ల కొద్దీ బ్యాక్టీరియా ఉంటాయి. "అత్తా, ఇడ్లీ పిండి రాత్రంతా ఎట్ల పులుస్తది? అక్కడ కూడా అట్లనే" అన్నది మా పిల్ల. బ్యాక్టీరియా ఆ పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తాయి. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు లోపలి పొరలోని కణాలకే తిండి. ఆ పులుపుకు కొన్ని చెడ్డ క్రిములు పెరగలేవు. ఇంతే దాని పని. ఇది మంచి పనే, నేను కాదనను. ఈ ప్రీబయోటిక్ అనే పేరు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్టారట. వాళ్లు రాసింది మనుషుల పేగుల గురించి. తర్వాత అది పశువుల దాణాలోకి, కుక్కల దాణాలోకి వచ్చింది.

ప్రోబయోటిక్ వేరు, ప్రీబయోటిక్ వేరు. ఒక్క అక్షరం తేడా, నేను రెండూ ఒకటే అనుకున్నాను. ప్రోబయోటిక్ అంటే బతికున్న మంచి బ్యాక్టీరియా. ప్రీబయోటిక్ అంటే ఆ బ్యాక్టీరియాకు తిండి.

సంచి వెనక సన్నని అక్షరాల్లో ఉండే పేర్లు కూడా చదివించుకున్నాను. ఇనులిన్ అంటే ఎక్కువగా చికోరీ వేరు నుంచి తీసేది. కాఫీ పొడిలో కలిపే చికోరీ ఉంది చూడండి, అదే. ఎఫ్ఓఎస్ అంటే ఫ్రక్టో ఒలిగోశాకరైడ్స్, ఇనులిన్‌కు చిన్న తమ్ముడి లాంటిది. బీట్ పల్ప్ అంటే చక్కెర బీట్ దుంప నుంచి చక్కెర తీసేశాక మిగిలిన పిప్పి. ఎంఓఎస్ అంటే మన్నన్ ఒలిగోశాకరైడ్స్, ఈస్ట్ కణాల గోడల నుంచి వస్తుంది. దాని పని వేరుగా ఉంటుంది. ఈ.కోలి, సాల్మొనెల్లా వంటి కొన్ని క్రిములు పేగు గోడకు అతుక్కోకుండా ముందే వాటిని పట్టుకుంటుంది. ఇన్ని రకాలు, ఇన్ని పనులు. అన్నిటికీ కలిపి ముందు వైపు ఒకటే మాట.

మరి ఆ కుక్కపిల్లను ఇవేవీ ఎందుకు కాపాడలేదని అడిగాను. పార్వో వైరస్ పడేది ముఖ్యంగా చిన్నపేగు మీద. పేగు పొరను ఎప్పటికప్పుడు కొత్తగా తయారు చేసే కణాలనే అది చంపుతుంది. పొర ఊడిపోతుంది, నీళ్లు, రక్తం బయటకు పోతాయి, పేగులోని క్రిములు రక్తంలోకి చేరతాయి. అలాంటప్పుడు పెద్దపేగులో బ్యాక్టీరియాకు తిండి పెడితే ఏం లాభం? సెలైన్, వాంతులు ఆపే మందు, రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండటం, ఇవే అప్పుడు కావాల్సినవి. పాలు అసలే పట్టకూడదు. గంటలు విలువైన చోట నేను అమ్మిన డబ్బా రెండు రోజులు తినేసింది.

ఈ వైరస్‌ను కుక్కల్లో 1978లో గుర్తించారు. టీకా ఉంది. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటిది వేయించి, మూడు నాలుగు వారాలకు ఒకసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా మళ్లీ వేయించాలి. ఒక్క సూదితో అయిపోయిందనుకుని ఊరుకునే వాళ్లే మా దగ్గర ఎక్కువ. పార్వో వచ్చి చనిపోయిన ఇంట్లో ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్ కలిపిన నీళ్లతో కడగాలి. ఆటో తమ్ముడి ఇంట్లో పిల్ల మళ్లీ ఇంకో కుక్కపిల్ల కావాలని అడుగుతున్నది. మా మేనకోడలు చెప్పిందంతా నేనే వెళ్లి వాళ్లకు చెప్పాను. బండలు కడిగారు. ఏడాది దాటాక, టీకాలు పూర్తయిన కుక్కనే తెచ్చుకొమ్మన్నాను.

ఇక మా కర్రెగాడి సంగతి. దాణా ఒక్కసారిగా మారిస్తే పేగులో బ్యాక్టీరియా తట్టుకోలేవు, పలచగా పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు అది మూడు నాలుగు రోజుల్లో చాలాసార్లు దానంతట అదే సర్దుకుంటుంది. నేను ఆ గొప్పను డబ్బాకు ఇచ్చాను. పాత దాణాలో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చి ఉంటే ఆ విరేచనాలు అసలు వచ్చేవే కావు. ఈ మాట ఇప్పుడు కొత్త రకం దాణా అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్పి పంపిస్తున్నాను.

విరేచనాలకు ఇంకా చాలా కారణాలు ఉంటాయి. మా దగ్గర ఎక్కువగా కనిపించేది నులిపురుగులు. కుక్కపిల్లలకు తల్లి కడుపులోనే, తల్లి పాల నుంచే పురుగులు వస్తాయి. చిగుళ్లు పాలిపోయి, విరేచనం నల్లగా జిగటగా ఉంటే కొంకి పురుగులు రక్తం తాగుతున్నాయేమో చూడాలి. పురుగుల మందు వేయకుండా ఎంత ఖరీదైన పొడి వేసినా దండుగ. కొందరేమో మెడికల్ షాపులో మనుషుల మోషన్ల గోలీ, మెట్రోనిడజోల్, కొని కుక్క నోట్లో వేస్తారు. అది పేగులోని మంచి బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది, అవి కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఒక చేత్తో ఆ గోలీ వేసి, ఇంకో చేత్తో ప్రీబయోటిక్ కొనేవాళ్లను నేను షాపులో కళ్లారా చూశాను.

ఇంకో భయం కూడా చెప్పాలి. ఫోన్లో ‘ప్రీబయోటిక్ ఉన్న తిండి’ అని వెతికితే ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ మొదట వస్తాయి. మనుషులకు నిజమే, వాటిలో ఇనులిన్ ఉంటుంది. కానీ కుక్కకు అవి విషం. వాటిలోని గంధకపు పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చిదైనా, వండిందైనా, పొడి అయినా అంతే. మాంసం కూర మిగిలితే ఆ ఉల్లిగడ్డ మసాలాతోనే కుక్కకు వేయడం మన అలవాటు. దయచేసి వేయకండి.

మా అమ్మ వాళ్లది నల్లబెల్లి దగ్గర పల్లె. అక్కడ కుక్కకు సద్దన్నం, గట్క, మజ్జిగ పోసేవాళ్లు. కుక్కకు అన్నం అరగదు, మాంసమే పెట్టాలి అని ఇప్పుడు కొందరు గట్టిగా చెబుతున్నారు. అది తప్పు. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలు కంటే కుక్కలో చాలా ఎక్కువ కాపీలు ఉంటుందని 2013లో వచ్చిన పరిశోధనలో తేలింది. మనిషి తిండి తింటూ మనిషి పక్కన బతికిన జంతువు అది. పైగా వండి చల్లారిన అన్నంలో పిండి కొంత గట్టిపడి, చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా పోయి, అక్కడ ఈ ప్రీబయోటిక్ చేసే పనే చేస్తుంది. ఉడికించిన గుమ్మడికాయలో, ఇసబ్గోల్‌లో ఉండే పీచు కూడా కుక్క పేగుకు మేలు చేస్తుంది. ఉత్త అన్నంతోనే కుక్క బతకాలని నేను అనడం లేదు, మాంసం, గుడ్డు, కాల్షియం కావాల్సిందే. మూడు వందల యాభై రూపాయల డబ్బా కొనలేని ఇంట్లో కూడా కుక్క పేగు బాగుండొచ్చని మాత్రమే చెబుతున్నాను.

ఇప్పుడు కంపెనీలను అడగాల్సింది అడుగుతాను.

సంచి వెనక ప్రొటీన్ ఇంత శాతం, కొవ్వు ఇంత, పీచు ఇంత, తేమ ఇంత అని ఉంటుంది. ప్రీబయోటిక్ ఎంత అన్నది నేను అమ్మే ఏ సంచి మీదా లేదు. పీచు అంకెను బట్టి తెలుసుకోవచ్చు కదా అనుకున్నాను. అదీ కుదరదట. ఆ ‘క్రూడ్ ఫైబర్’ పరీక్ష పాత పద్ధతి, నీటిలో కరిగే ఇనులిన్, ఎఫ్ఓఎస్ వంటివి దాంట్లో లెక్కకే రావు. అంటే ముందువైపు ఏ పీచు పేరు చెప్పి అమ్ముతున్నారో, వెనకవైపు అంకెలో ఆ పీచే లేదు. చిటికెడు వేసినా ఆ మాట రాసుకోవచ్చు, సరిపడా వేసినా అదే మాట. కొనేవాడికి తేడా తెలిసే దారి లేదు. ఎక్కువైతే నష్టం కూడా ఉంది. ఈ పీచు మోతాదు మించితే కడుపు ఉబ్బి, గాలి పట్టి, విరేచనాలు అవుతాయి. విరేచనాలు తగ్గాలని ఒక చెంచాకు రెండు చెంచాలు వేసేవాళ్లకు అవే విరేచనాలు పెరుగుతాయి. నేను అమ్మిన డబ్బా మీద ‘రోజూ ఒక చెంచా’ అని ఉంది. నాలుగు కిలోల పామరేనియన్‌కూ ముప్పై కిలోల లాబ్రడార్‌కూ ఒకటే చెంచానా?

మా షాపుకు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. తనిఖీకి వచ్చే సారు పప్పు చూస్తాడు, నూనె తేదీ చూస్తాడు. పక్కనే ఉన్న కుక్క దాణా ఆయన పరిధిలోకి రాదు. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ‘ఆహారం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే పశుదాణాను మినహాయించారు. పెంపుడు కుక్కలు, పిల్లుల ఆహారానికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ 11968. ఆ నంబరు నా షాపులో ఉన్న సంచులన్నీ తిప్పి వెతికాను, ఒక్కదాని మీదా కనపడలేదు. మనిషి తినే బిస్కెట్ పొట్లం మీద ఏం రాయాలో ఇంత పద్ధతి ఉన్నప్పుడు, నోరులేని జీవి తినేదాని మీద ఎందుకు ఉండకూడదు? ఏ ప్రీబయోటిక్, కిలోకు ఎన్ని గ్రాములు, ఎన్ని కిలోల కుక్కకు ఎంత పెట్టాలి, ఇవి తెలుగులో రాయండి. ‘చిన్న పిల్ల అయినా, వాంతులున్నా, రక్తం పడినా ఇది పెట్టకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి’ అని ఎర్ర అక్షరాల్లో రాయండి. ఆ ఒక్క వాక్యం డబ్బా మీద ఉండి ఉంటే, అది నేను చదివి ఉంటే, ఆ రోజు పొద్దున ఆటో తమ్ముడిని నేనే హన్మకొండకు తోలేదాన్ని.

మా షాపుల తప్పు కూడా ఉంది. లూజుగా కట్టి అమ్మితే కంపెనీ రాసిన ఆ కొంచెం సమాచారం కూడా సంచితో పాటు నా దగ్గరే ఉండిపోతుంది. ఎండాకాలం మా రేకుల గోదాము ఎట్లా కాగుతుందో మీకు తెలుసు. విప్పిన సంచిలో కొవ్వు గాలి తగిలి ముక్కిపోతుంది. బతికున్న బ్యాక్టీరియా కలిపిన దాణా అయితే ఆ వేడికి అవి బతకవు. ప్రీబయోటిక్ పీచు వేడికి కొంత తట్టుకుంటుంది కానీ, ముక్కిన దాణాలో అది ఉన్నా కుక్క పొట్టకు మంచి జరగదు. అందుకే ఇప్పుడు సంచి విప్పాక మూతపెట్టే డ్రమ్ములో పోసి, షాపు లోపల పెడుతున్నాను. మూడు వారాల్లో అమ్ముడుపోయేంతే విప్పుతున్నాను.

మీ పత్రికలో వారానికోసారి పాడి, కోళ్లు, గొర్రెల గురించి డాక్టర్లు రాస్తారు. మా ఆయన కత్తిరించి దాచిపెడతాడు. ఆ పేజీలో కుక్కలకు కూడా కొంచెం చోటు ఇవ్వండి. టీకాల వయసులు, పురుగుల మందు తేదీలు, ఏ లక్షణం కనిపిస్తే ఆగకూడదు అన్నది చిన్న బాక్సు కట్టి వేస్తే దాన్ని కత్తిరించి షాపు ముందు అతికిస్తాను. మామునూరు కాలేజీ అధ్యాపకులు రాస్తే ఇంకా మంచిది, వాళ్లు మన జిల్లాలోనే ఉన్నారు.

మిగిలిన రెండు డబ్బాలు ఏజెంటుకు తిరిగి ఇచ్చేశాను. డాక్టర్ రాసిన చీటీ తెస్తేనే అలాంటివి తెప్పించి ఇస్తానని చెబుతున్నాను. దాణా కవర్లకు ఇప్పుడు ఒక చీటీ పిన్ను కొడుతున్నాను. తయారైన తేదీ, సంచి విప్పిన తేదీ, లోపల ఏమేం ఉన్నాయో తెలుగులో, ‘కొత్త దాణా పది రోజుల్లో మెల్లగా మార్చండి’ అన్న మాట, కింద ‘కుక్కపిల్లకు మోషన్స్ అయితే నా దగ్గర మందు లేదు, పశువుల దవాఖానకు తీసుకుపోండి’ అని. మా మేనకోడలు రాసిచ్చింది, జిరాక్స్ తీయించాను. ఆటో తమ్ముడి బిడ్డ బడి అయిపోయాక వచ్చి పిన్నులు కొట్టి పెడుతున్నది.

ఇట్లు,
కిరాణా షాపు నడిపే ఒక మహిళ,
నర్సంపేట, వరంగల్ జిల్లా.